చెక్క చేప, చెరువు నీళ్ళు

చేపల వేటకు చెక్కతో చేసుకునే లూర్ (నకిలీ ఎర) మీద ఎరుపు వేయాలా, నీలం వేయాలా? దీనికి జవాబును చేప దగ్గరకన్నా ముందు నీళ్ళ దగ్గర వెతకాలి. విదేశాల్లో వచ్చిన పుస్తకాలు చాలావరకు ఒకటే మాట చెబుతాయి: లోతుకు దిగేకొద్దీ ముందు ఎరుపు మాయమవుతుంది, తర్వాత నారింజ, చివరిదాకా నిలిచేది నీలం. సముద్రం విషయంలో, కొండల మధ్య తేటనీటి సరస్సు విషయంలో అది నిజమే. స్వచ్ఛమైన నీటిలో 650 నానోమీటర్ల ఎర్రకాంతి మీటరుకు దాదాపు 30 శాతం చొప్పున తరిగిపోతుంది. 450 నానోమీటర్ల నీలికాంతి మీటరుకు ఒక్క శాతమే తగ్గుతుంది. కానీ సికింద్రాబాద్‌లో బయల్దేరి శామీర్‌పేట దారి పట్టి, ఏదో ఒక చెరువు కట్ట ఎక్కి నీళ్ళలోకి చూడండి. ఆ లెక్క ఇక్కడ తిరగబడుతుంది.

మన చెరువు నీళ్ళు ఏడాదిలో ఎక్కువ భాగం ఆకుపచ్చగానో మట్టిరంగుగానో ఉంటాయి. పచ్చదనం కంటికి ఆనని సూక్ష్మ నాచుది. అందులోని పత్రహరితం నీలికాంతిని పీల్చేస్తుంది. గడ్డీగాదం కుళ్ళి కరిగిన సేంద్రియ పదార్థం కూడా ముందు నీలాన్నే తినేస్తుంది. తొలకరి వరదతో దిగే ఒండ్రు మిగిలిన వెలుతురును చెల్లాచెదురు చేస్తుంది. ఇన్ని కలిశాక, ఇక్కడ మొదట పోయేది నీలం. వెలుతురు ఉన్నంత మేరా నిలబడేది పసుపు, దానికి అటు ఆకుపచ్చ, ఇటు నారింజ. తేటనీటి కోసం పుట్టిన నీలం-వెండి లూర్‌ను తెచ్చి మన చెరువులో వేస్తే, నాలుగడుగుల లోతులో అది బూడిదరంగు పుల్ల.

అసలు ఎంత లోతుదాకా చూపు ఆనుతుంది? 1865లో ఇటలీ శాస్త్రవేత్త ఏంజెలో సెచ్చి మధ్యధరా సముద్రంలోకి తెల్లటి పళ్ళెం దించి, అది ఏ లోతులో కనుమరుగవుతుందో కొలిచాడు. ఇప్పుడు అదే పద్ధతిని కొల్లేరు చుట్టూ చేపల చెరువుల రైతులు వాడుతున్నారు. నలుపు తెలుపు పావులున్న సెచ్చి పళ్ళెం 30 నుంచి 40 సెంటీమీటర్ల దగ్గర కనపడకుండా పోతే, చేపకు మేత అయ్యే సూక్ష్మజీవులు నీటిలో సరిపడా ఉన్నాయని లెక్క. అంటే చేపలు బాగా పెరిగే నీటిలో మన చూపు మూరెడు లోతు కూడా ఆనదు. అలాంటి నీటిలో చిన్నచిన్న పొలుసులు, మూడు ఛాయల నీడలు గీసి లాభం లేదు. చేప దాన్ని చూసేది బాగా దగ్గరికి వచ్చాకే. దూరం నుంచి దానికి అందేది ఆకారం, కదలిక, ముదురుకూ లేతకూ ఉన్న తేడా. నా మట్టుకు నేను లూర్ పనిలో మొదటి స్థానం ఊపుకు, రెండోది ఆ తేడాకు ఇస్తాను. రంగుది మూడో స్థానం. అయితే ఆ మూడోదాన్ని సరిగా చేయడానికి పట్టే శాస్త్రం మిగతా రెండింటికన్నా ఎక్కువ.

మన పక్క లూర్ వేసేవాళ్ళ గురి ముందుగా కొర్రమీను మీద. తెలంగాణ రాష్ట్ర చేప అదే. మృగశిర కార్తె నాడు జంటనగరాల్లో దాని ధర ఎంత పలుకుతుందో చెప్పనక్కర్లేదు; నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందు కోసం ఆస్తమా రోగుల గొంతులోకి వెళ్ళేది కూడా కొర్రమీను పిల్లే. ఈ చేపకు మొప్పలతో పాటు గాలి పీల్చుకునే అవయవం కూడా ఉంది. అందుకే ఆక్సిజన్ తక్కువున్న బురదనీటిలోనూ బతుకుతుంది, కొద్దిసేపటికొకసారి పైకి వచ్చి గుటకేసి పోతుంది. తూడు, గుర్రపుడెక్క అంచున అడుగున పొంచి ఉండి, పైన పోయే కప్పను, చిన్న చేపను కింది నుంచి పట్టుకుంటుంది. వేటలో అసలు కీలకం ఆ 'కింది నుంచి' అన్నదే.

నీటిలో ఉన్న కన్ను పైకి చూస్తే ఆకాశమంతా తలపైన ఒక గుండ్రటి కిటికీలోకి కుదించుకుపోయి కనిపిస్తుంది. కాంతి నీటిలోకి దిగుతూ వంగడం వల్ల, నిలువుకు 48.6 డిగ్రీల కోణం దాటి పై ప్రపంచం కనపడదు. మొత్తం కిటికీ వెడల్పు 97 డిగ్రీలు. ఆ వెలుతురు కిటికీలో ఉన్న లూర్ ఏ రంగుదైనా చేపకు నల్లటి నీడగానే కనిపిస్తుంది. అందుకే నీటిపైన తేలే కప్ప లూర్‌కు నిండు నలుపు ఇంత బాగా పనిచేస్తుంది. వీపు మీద ఎంత అందంగా చుక్కలు పెట్టినా అవి వేటగాడి కంటికే. కొర్రమీను చూసేది పొట్ట. రెండు గంటలు వీపు మీద కూర్చుని, చివర పొట్టకు ఒక తెల్ల పూత కొట్టి లేచేవాళ్ళు ఆ రెండు గంటలూ తప్పు చోట పెట్టినట్టే.

నీటి మధ్యలో ఈదే లూర్ సంగతి వేరు. నిజమైన చేప వీపు ముదురుగా, పొట్ట తెల్లగా ఎందుకుంటుందో 1896లో అమెరికన్ చిత్రకారుడు అబ్బట్ థేయర్ వివరించాడు. వెలుతురు పైనుంచి పడుతుంది కాబట్టి ఏ వస్తువుకైనా పైభాగం మెరుస్తుంది, కిందిభాగం నీడలో ఉంటుంది. మనకు గుండ్రదనం తెలిసేది ఆ నీడతోనే. పైన ముదురు, కింద లేత రంగు ఉంటే వెలుతురూ నీడా ఒకదాన్నొకటి కొట్టేసుకుని, చేప నీటిలో కలిసిపోతుంది. బొమ్మలు గీసేవాడు బొమ్మ ఎలా ఉబ్బుగా కనపడుతుందో తెలిసినవాడు కాబట్టే ప్రకృతి దాన్ని ఎలా చదును చేస్తుందో పట్టుకోగలిగాడు. ఇక్కడే లూర్ చేసేవారికి ఒక చిక్కుంది. ఉన్నది ఉన్నట్టు చేపను దించితే, దాక్కోవడానికి పనికొచ్చే వేషాన్నే లూర్‌కు తొడిగినట్టవుతుంది. లూర్ పని కనపడటం. అందుకని అనుభవమున్నవారు ఒళ్ళంతా చేపలాగే వేసి, ఒకచోట కావాలని ఆ వేషాన్ని చెడగొడతారు: మొప్ప కింద ఎర్రటి మచ్చ, తోక దగ్గర నారింజ, తలకు మించిన కన్ను. కన్నుకు మరో కారణం కూడా ఉంది. చేపను మింగే చేప తలవైపు నుంచి మింగడానికే ఇష్టపడుతుంది, అప్పుడు ముళ్ళూ రెక్కలూ వెనక్కి ముడుచుకుంటాయి. తల ఎటుందో చెప్పే గుర్తు కన్నే.

చేపకు రంగులు తెలుస్తాయా అన్న ప్రశ్న మీద నూరేళ్ళ క్రితం పెద్ద తగాదా నడిచింది. చేపకు రంగులే తెలియవని జర్మన్ కంటి వైద్యుడు కార్ల్ ఫాన్ హెస్ గట్టిగా వాదించాడు. యువకుడైన కార్ల్ ఫాన్ ఫ్రిష్ చిన్న మంచినీటి చేపలకు ఒక రంగు కాగితం దగ్గరే మేత పెట్టి అలవాటు చేశాడు. తర్వాత ఆ కాగితాన్ని రకరకాల బూడిద ఛాయల మధ్య, మేత లేకుండా పెట్టాడు. కేవలం వెలుగు తేడాను బట్టే చేపలు గుర్తుపడుతుంటే, అంతే వెలుగున్న బూడిద కాగితం దగ్గర పొరబడాలి. అవి పొరబడలేదు, నేరుగా రంగు కాగితం దగ్గరికే వెళ్ళాయి. తేనెటీగల మీద పరిశోధనలకు 1973లో నోబెల్ అందుకున్నది ఈ ఫ్రిషే. ఆ తర్వాత తెలిసినవి ఇంకా ఆశ్చర్యం కలిగిస్తాయి. మన కంటిలో రంగును పట్టే శంకుకణాలు మూడు రకాలైతే, గోల్డ్‌ఫిష్ కంటిలో నాలుగు రకాలు. నాలుగోది మనకు కనపడని అతినీలలోహిత కాంతిని పట్టుకుంటుంది. అంతకన్నా మన చెరువుకు దగ్గరి సంగతి, 1967 నోబెల్ గ్రహీత జార్జ్ వాల్డ్ 1930ల్లో కనిపెట్టింది. మన కంటి వర్ణకం విటమిన్ ఎ1తో తయారైతే, చాలా మంచినీటి చేపల కంటి వర్ణకం విటమిన్ ఎ2తో తయారవుతుంది. ఆ చిన్న మార్పుతో కంటి పట్టు ఎరుపు వైపుకు జరుగుతుంది. నీలం చచ్చి, పసుపు నారింజలు బతికే నీటిలో ఉండే చేపకు సరిగ్గా కావలసింది అదే.

కాబట్టి మన నీటికి పసుపుపచ్చ, నారింజ మేలు. వాటిలోనూ ఫ్లోరోసెంట్ రంగులు ఒక మెట్టు పైన. మామూలు పసుపు రంగు తనమీద పడిన పసుపుకాంతిని తిప్పి పంపుతుంది, అంతే. ఫ్లోరోసెంట్ రంగు నీలి, ఊదా, అతినీలలోహిత కాంతిని మింగి, దాన్ని కూడా పసుపుపచ్చగా మార్చి బయటికి పంపుతుంది. దీనికి రెండు షరతులున్నాయి. ఈ రంగు పలచన, వెలుతురు దీని గుండా దూసుకుపోతుంది. అడుగున తిరిగి కొట్టే తెల్ల ప్రైమర్ లేకపోతే చెక్క ఆ వెలుతురును పీల్చేసుకుంటుంది. రెండోది, ఎండ ఈ రంగును చంపేస్తుంది. పైన అతినీలలోహితాన్ని ఆపే క్లియర్ కోటు వేస్తే రంగు ఎక్కువ కాలం ఉంటుంది, కానీ దాని మెరుపుకు ఇంధనమైన కాంతిలో కొంత భాగం కూడా ఆగిపోతుంది. ఆపే పూతే వేయండి. ఆకుపచ్చ నీటిలో ఆ అతినీలలోహితం ఎలాగూ అడుగుదాకా రాదు. ఉన్న కొద్దిపాటి నీలికాంతి మాత్రం పూత దాటి రంగును చేరుతుంది.

చేప ఒంటి వెండి మెరుపు ఏ రంగూ వేసి వచ్చింది కాదు. పొలుసుల కింద, చర్మంలో గ్వానిన్ అనే పదార్థపు పలచటి పలకలు దొంతరగా ఉంటాయి. ఒక్కో పలక అంచు నుంచి తిరిగివచ్చే కాంతి పక్కదానితో కలిసి బలపడటం వల్ల ఆ మెరుపు. 17వ శతాబ్దపు పారిస్‌లో జపమాలలు చేసే జాకాన్ అనే ఆయన చేప పొలుసుల నుంచి ఈ గ్వానిన్‌ను తీసి, గాజుపూసల లోపల పూసి నకిలీ ముత్యాలు చేశాడు. ముత్యాల నగరి పక్కనే ఉంటూ చాలామందికి ఈ సంగతి తెలియదు. ఇప్పుడు లూర్‌ల మీద వేసే పెర్ల్ రంగుల్లో గ్వానిన్ బదులు, టైటానియం డయాక్సైడ్ పొర కప్పిన అభ్రకం రేకులు ఉంటాయి. పొర 60 నానోమీటర్ల లోపు ఉంటే వెండి. మందం పెరిగేకొద్దీ బంగారు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ. అభ్రకానికి గూడూరు ప్రాంతం పేరుమోసింది, టైటానియం ఖనిజం శ్రీకాకుళం, భీమిలి తీరపు ఇసుకలో ఉంది. ఈ రంగు ఎక్కువ పట్టిస్తే లాభం లేదు. రేకులు ఒకే దిక్కున పడుకుంటేనే మెరుస్తాయి. మందంగా కొడితే నిలువుగా, అడ్డంగా ఇరుక్కుని మసకబారతాయి.

పొలుసుల గీతలకు జనరల్ బజార్‌లో ఓణీలకు అమ్మే నెట్ గుడ్డ ముక్క చాలు. దాన్ని లూర్‌కు బిగించి కట్టి, ఎయిర్‌బ్రష్‌తో కొట్టి విప్పేస్తే పొలుసులు పడతాయి. కొత్తగా చేసేవారు లేతరంగు మీద ముదురు కొడతారు. దారం ఉన్నచోట లేత గీత మిగిలి, మధ్యలో నల్లటి మచ్చలొస్తాయి, చూడగానే నకిలీ అని తెలిసిపోతుంది. ముందు ముదురు వేసి ఆరనిచ్చి, నెట్ మీద నుంచి లేత పెర్ల్ కొట్టాలి. అప్పుడు మెరిసే పొలుసుకు నల్లటి అంచు వస్తుంది, చేప మీద ఉండేది అలాగే.

ఇంతవరకూ బయటి నీళ్ళ కథ. లోపలికి చొరబడే నీళ్ళ కథ ఇంకా కఠినం.

ఫిన్లండ్‌లో లౌరీ రపాల 1936లో బెండు చెక్కి తొలి లూర్ చేసినప్పుడు, మెరుపు కోసం చాక్లెట్ల మీది రేకు చుట్టాడు, నీళ్ళు దిగకుండా పాత ఫోటో ఫిల్ములు కరిగించి పైన పూశాడు. ఆ కాలపు ఫిల్ముల్లో చాలావాటికి ఆధారం నైట్రోసెల్యులోజ్. 1920ల్లో డ్యూపాంట్ కంపెనీ మోటారుకార్ల కోసం తెచ్చిన డ్యూకో రంగులకు ప్రాణం కూడా అదే. మన నిర్మల్ పనివారు తర్వాతి కాలంలో పట్టింది ఈ డ్యూకో రంగులనే. అంటే ఫిన్లండ్ మత్స్యకారుడి లూర్ మీద, ఖైరతాబాద్‌లో అమ్మిన నిర్మల్ పళ్ళెం మీద మెరిసింది ఒకే కుటుంబపు పదార్థం. రాణీగంజ్ దుకాణాల్లో ఈనాటికీ ఎన్‌సీ లాకర్, ఎన్‌సీ థిన్నర్ అని అడిగితే ఇచ్చేది దాన్నే.

చెక్క సంగతి కూడా మనకు కొత్త కాదు. నిర్మల్ బొమ్మకూ కొండపల్లి బొమ్మకూ వాడే పొణికి చెక్క ఎంతో తేలిక, కత్తికి మెత్తగా లొంగుతుంది. విదేశాల్లో లూర్‌లకు వాడే బాల్సాకు మన దగ్గర ఇంతకన్నా మంచి బదులు నాకు కనపడదు. కొండపల్లి పనివారు చెక్కలోని తడిని వేడి చేసి తీసేశాకే చెక్కుతారు, అతుకుల్లో చింతగింజల పొడీ రంపపుపొట్టూ కలిపిన మక్కు పెడతారు, రంగుకు ముందు తెల్లసుద్ద పూస్తారు. ఆరబెట్టడం, సందులు పూడ్చడం, తెల్ల పునాది: లూర్ చేసేవారికి కావలసిన వరస అదే. అయితే బొమ్మ అలమారలో ఉంటుంది, లూర్ నీళ్ళలో ఉంటుంది. మక్కుకూ సుద్దకూ అక్కడ ఆయుష్షు లేదు.

చెక్క గాలిలోని తేమను బట్టి తడిని పీల్చుతూ వదులుతూ ఉంటుంది. జంటనగరాల్లో ఏప్రిల్ మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం దగ్గరికి పడిపోతుంది, అప్పుడు చెక్కలో తడి దాని బరువులో 6 శాతం దగ్గర నిలుస్తుంది. ఆగస్టు ముసురులో తేమ 80 దాకా పోతే చెక్క తడి 16 దగ్గరికి పెరుగుతుంది. తడి పెరిగితే చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, పైన గట్టిపడిన పూత ఉబ్బలేక చీలుతుంది. కాబట్టి చెక్కి ఆరబెట్టి సీలర్ పట్టించే పని ఎండాకాలంలో ముగించడం మంచిది. ముసురులో లాకర్ కొడితే ఇంకో బెడద: థిన్నర్ వేగంగా ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది, చల్లబడ్డ పూత మీద గాలిలోని తేమ మంచులా పట్టి లోపల చిక్కుకుంటుంది, రంగంతా తెల్లగా పాలిపోతుంది. నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడాలి, లేదా ఎండ కాసేదాకా ఆగాలి.

పై పూతకు ఇప్పుడు ఎక్కువగా వాడేది రెండు డబ్బాల ఎపాక్సీ. రెసిన్‌లోని ఒక్కో అణువుకు హార్డనర్‌లో జోడీ కావాలి. త్వరగా గట్టిపడుతుందని హార్డనర్ ఒలకబోస్తే, జోడీ దొరకని హార్డనర్ మిగిలిపోయి పూత ఎన్నాళ్ళకీ జిగటగానే ఉంటుంది. పూసిన లూర్‌ను చిన్న మోటారుకు తగిలించి నిమిషానికి ఐదారు చుట్ల చొప్పున తిప్పుతారు. భూమి లాగే దిక్కు లూర్ పరంగా క్షణక్షణం మారుతుంటే రెసిన్ ఎటూ కారదు. తలతన్యత దాన్ని అద్దంలా పరుస్తుంది. అదే తలతన్యత వాడి అంచుల మీద నుంచి మాత్రం రెసిన్‌ను వెనక్కి లాగేస్తుంది. పూత పలచబడేదీ, ముందుగా నీళ్ళు దిగేదీ అక్కడే. అందుకే 400 నంబరు నీళ్ళకాగితంతో అంచులన్నీ గుండ్రం చేయడం అందానికి కాదు.

ఎపాక్సీ మందమైతే లూర్ మునిగిపోతుందని చాలామంది భయపడతారు. లెక్క వేస్తే అంత భయం అక్కర్లేదు. ఏడు సెంటీమీటర్ల లూర్ ఉపరితలం సుమారు 25 చదరపు సెంటీమీటర్లు. 0.3 మిల్లీమీటర్ల పూత అంటే ముప్పావు ఘనసెంటీమీటరు, బరువు 0.8 గ్రాములు. కానీ ఆ పూత తన ఘనపరిమాణమంత నీటిని కూడా పక్కకు నెడుతుంది కాబట్టి తేలే గుణం పెద్దగా మారదు. మారేది ఊపు. బరువంతా అంచుకు చేరితే, గిరగిర తిరుగుతున్న పిల్ల చేతులు చాచగానే వేగం తగ్గినట్టు, లూర్ అటూఇటూ ఒరిగే చురుకు తగ్గుతుంది. చేపను పిలిచేది ఆ ఊపే కాబట్టి రెండు పలచటి పూతలు చాలు, నాలుగు వద్దు. చెక్కలోకి దిగిన నీళ్ళ కథ వేరు. అవి చెక్కలోని ఖాళీ గదుల్లో నిండుతాయి, ఘనపరిమాణం పెరగదు, బరువు పెరుగుతుంది. ఒక్క గ్రాము నీళ్ళు దిగితే తేలే లూర్ మునిగే లూర్ అవుతుంది.

ఎండకు ఎపాక్సీ పసుపు బారుతుంది. పసుపు లూర్‌కు ఫరవాలేదు కానీ తెల్ల పొట్టకు చేటు. కార్ల షెడ్లలో కొట్టే పీయూ (పాలీయురెథేన్) క్లియర్ పసుపు బారదు, గట్టిగా ఉంటుంది. దాని హార్డనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. పిచికారీగా అవి ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకుంటే ఆ తర్వాత రవ్వంత తగిలినా తిరగబెడుతుంది. ముక్కుకు కట్టే గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. ఫ్లాట్ బాల్కనీలో పీయూ స్ప్రే చేయవద్దని గట్టిగా చెబుతాను. కుంచెతో ఎపాక్సీ పూసుకోండి. సీసం విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల్లో 90 పాళ్ళు మించకూడదని కేంద్రం 2016లో నిబంధన తెచ్చింది. అది ఇంటి, అలంకరణ రంగులకే, పారిశ్రామిక రంగులకు కాదు. డబ్బా మీద సీసం లేదని రాసి ఉంటేనే పసుపు, నారింజ కొనాలి. పొట్టలో పెట్టే బరువుకు సీసం బదులు ఇత్తడి, ఉక్కు వాడొచ్చు, రంధ్రం కాస్త పెద్దది చేయాలి అంతే.

ఏటికొప్పాక లక్క పనికొస్తుందా అని అడిగేవారుంటారు. అంకుడు చెక్కను తిప్పుతూ లక్కబిళ్ళను అదిమితే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది, థిన్నర్ ఊసే లేదు. ఆ సొబగును ఏ డబ్బా రంగూ ఇవ్వలేదు. కానీ లక్క 75 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఎక్కువసేపు నానితే తెల్లబడుతుంది. పై పూతగా వద్దు. స్పిరిట్‌లో కరిగించిన లక్కను అడుగు సీలర్‌గా పట్టిస్తే మాత్రం బాగా పనిచేస్తుంది, త్వరగా ఆరుతుంది.

నీళ్ళు దిగేది చాలాసార్లు పూత గుండా కాదు, గాలం కొక్కెం బిగించిన రంధ్రాల గుండా, ముందరి రేకు దూర్చిన చీలిక గుండా. రంధ్రం చేసిన వెంటనే లోపల ఎపాక్సీ పూయకపోతే పైన ఎన్ని పూతలు వేసినా వృథా. అది తేల్చుకోవడానికి పాట్ మార్కెట్‌లో నగలవాళ్ళు వాడేలాంటి, 0.01 గ్రాము చూపే చిన్న కాటా చాలు. పూర్తయిన లూర్‌ను వారం రోజులు ఆరనిచ్చి తూచండి. బకెట్‌లో ఒక పూట ముంచి ఉంచి, తీసి గుడ్డతో తుడిచి మళ్ళీ తూచండి. బరువు మారకపోతే చెరువుకు తీసుకెళ్ళొచ్చు. ఆ చెరువు మీద హక్కున్న మత్స్యకార సంఘం అనుమతి తీసుకోవడం మరవొద్దు. బరువు పెరిగితే కొక్కేలు విప్పి, నీడన ఆరబెట్టి, పాత బరువుకు వచ్చాక ఒక్కో రంధ్రంలోకీ పుల్లతో ఎపాక్సీ దించి మళ్ళీ బకెట్‌లో వేయండి.